మంచులో బొంగుకోడి: రుచి నిప్పుది, జాగ్రత్త మనది
చలికాలం ఆరుబయట మాంసం వండేవారు తెలుసుకోవలసిన సంగతులు

అనకాపల్లి (మా గ్రామీణ విలేఖరి): సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి అని పెద్దల మాట. ఆ చలిలో ఆరుబయట నిప్పు రాజేసి మాంసం వండుకు తినే సరదా మన జిల్లాలో ఏటేటా పెరుగుతోంది. కార్తీకం వెళ్లేవరకు నీచు ముట్టనివారు కూడా మార్గశిరం రాగానే కోడి కోసం వెతుకుతారు. కనుమనాడు సరే సరి. నర్సీపట్నం మీదుగా ఘాటీ ఎక్కి లంబసింగి మంచు చూడబోయే కుర్రకారుకు ఆ పొద్దున బొంగుకోడి తినకపోతే ప్రయాణం పూర్తయినట్టు ఉండదు. అరకు దారిలోనూ, మారేడుమిల్లి అడవిలోనూ ఇదే తంతు.

ఇప్పుడీ వంట కొండ దిగి మన ఊళ్లకూ వచ్చింది. నర్సీపట్నం, గొలుగొండ, రోలుగుంట, మాడుగుల ప్రాంతాల్లో కళ్లాల దగ్గర, తోటల్లో బొంగులు కాలుస్తున్నారు. కొందరు ఇనుప డ్రమ్ముకు తలుపు పెట్టించి, పొగ మీద మాంసం మగ్గబెట్టే విదేశీ పద్ధతిని కూడా మొదలెట్టారు. సరదా మంచిదే. అయితే వంటింట్లో గ్యాసు పొయ్యి మీద వండే లెక్క వేరు, మంచు కురుస్తున్న వేళ బయలులో కట్టెల మీద వండే లెక్క వేరు. ఈ తేడా తెలియక పైన మాడి లోపల పచ్చిగా ఉన్న మాంసం తిని కడుపు చెడగొట్టుకునేవారున్నారు. చలికి ఓర్వలేక నిప్పుల కుంపటిని గదిలో పెట్టుకుని పడుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకే ఈ నాలుగు మాటలు.

బొంగులో జరిగేదేమిటి?

వెదురు బొంగులో వండడం మన్యంలో ఆదివాసులకు పాత విద్య. అడవికి పనిమీద పోయేటప్పుడు గిన్నె మోసుకుపోయే శ్రమ ఉండదు. దొరికిన పచ్చి వెదురే గిన్నె, అడ్డాకే మూత, మళ్లీ ఆ ఆకే విస్తరి.

మోచేతి పొడవు బొంగును ఒక వైపు కణుపు ఉండేటట్లు నరుకుతారు. కణుపు అడుగు, తెరిచిన కొస మూతి. లోపల శుభ్రంగా కడిగి, ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద, ఉల్లిపాయ, కొత్తిమీర పట్టించిన కోడి ముక్కల్ని అందులో కూరుతారు. నూనె అక్కరలేదు. మూతికి అడ్డాకుల ఉండ దోపి, నిప్పుల మీద ఏటవాలుగా ఆనించి తిప్పుతూ ఉంటారు.

పచ్చి వెదురులో నీరు ఉంటుంది. ఆ నీరు ఉన్నంతసేపు బొంగు పైపైన నల్లబడుతుందే కాని అంటుకోదు. లోపల ముక్కల్లోని నీరు ఆవిరై ఆ ఆవిరిలోనే మాంసం ఉడుకుతుంది. నీరు ఉన్నంతవరకు లోపలి వేడి నూరు డిగ్రీల దరిదాపులు దాటదు. అందుకే ముక్క మాడదు, మెత్తబడుతుంది. వెదురు పచ్చివాసన, కాస్త పొగ వాసన కలిసి ఆ రుచి వస్తుంది. పొగ నేరుగా ముక్కకు తగలదు గనుక మసి కూడా పట్టదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. రెండు వైపులా కణుపులున్న బొంగును ఎన్నడూ నిప్పులో వేయరాదు. ఆవిరి పోయే దారి లేక అది టపాకాయలా పేలుతుంది. మూతికి ఆకు బిగించి కూరకూడదు, మట్టితో మెత్తకూడదు. ఆవిరి చిమ్మేటంత సందు ఉండాలి. బొంగులో మూడు వంతులకు మించి నింపరాదు. కాలుతున్న బొంగు మూతి మనిషి వైపు, ముఖ్యంగా పిల్లల వైపు తిరిగి ఉండకూడదు.

చలి చేసే మాయ

లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని ఈ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట ఉన్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. గట్టి చలి రోజుల్లో అక్కడ తెల్లవారుజామున 5 డిగ్రీల లోపుకు పడిపోవడం కద్దు. మన మైదానంలో అంత లేకపోయినా, మంచు కురిసే వేకువల్లో వంట తీరు మారుతుంది.

చలిలో నాలుగు చిక్కులున్నాయి. మొదటిది, అన్నీ చల్లగా ఉండడం. నేల చల్లన, రాళ్లు చల్లన, బొంగు చల్లన, మాంసం మరీ చల్లన. రాజేసిన నిప్పు ముందు వీటన్నిటినీ వెచ్చబరచాకగాని వంట మొదలవదు. రెండోది గాలి. చలి కంటే చెడ్డది చలిగాలి. మంటను ఒక పక్కకు వాల్చి సెగనంతా ఎత్తుకుపోతుంది. మూడోది తడి. రాత్రంతా మంచులో పడి ఉన్న కట్టె పైకి ఎండుగా కనబడినా చెమ్మ పీల్చి ఉంటుంది. నాలుగోది ఎత్తు. మైదానంలో నూరు డిగ్రీల వద్ద మరిగే నీరు వెయ్యి మీటర్ల ఎత్తున 97 డిగ్రీలకే మరుగుతుంది. ఆవిరిలో ఉడికే వంటకు అందుచేత కొండ మీద ఇంకాస్త సమయం పడుతుంది.

ఈ నాలుగూ కలిసినప్పుడు మైదానంలో అరగంట, ముప్పావుగంటలో అయ్యే బొంగు అక్కడ గంట దాకా పట్టవచ్చు. గడియారం చూసి దించేవారు ఇక్కడే దెబ్బతింటారు. బొంగు నల్లబడిందంటే మంట తగిలిందని అర్థమే తప్ప లోపల ఉడికిందని కాదు. నాటుకోడి ముక్క మరీ గట్టి గనుక ఫారం కోడి కంటే ఇంకా ఎక్కువసేపు ఉంచాలి.

మంట మీద కాదు, నిప్పుల మీద

బెల్లం వండే ఊళ్లవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. చెరకు గానుగాడే రోజుల్లో పెనం కింద పొయ్యి ఎగదోసే మనిషి ఎంత ఒడుపుగా పిప్పి వేస్తాడో చూడండి. ఎక్కువైతే పాకం మాడుతుంది, తగ్గితే సాగదు. బొంగుకూ అదే నేర్పు కావాలి. కాని పిప్పి ఇందుకు పనికిరాదు. అది భగ్గున మండి చప్పున ఆరిపోతుంది. బొంగుకు కావలసింది ఎగిసే మంట కాదు, నిలకడైన సెగ.

చలిలో వండేటప్పుడు ఈ వరస పాటిస్తే మేలు. నేల మీద జానెడు లోతు గాడి తవ్వి, గాలి వచ్చే వైపు రాళ్లో ఇటుకలో పేర్చి అడ్డు కట్టాలి. పాత రేకు ముక్క నిలబెట్టినా సరే. వంట మొదలెట్టడానికి గంట ముందే నిప్పు రాజేసి రాళ్లు వేడెక్కనివ్వాలి. మంట తగ్గి నిప్పులు కణకణలాడినప్పుడు బొంగులు ఆనించాలి. పక్కనే మరో చిన్న మంట ఉంచుకుని, అందులో తయారైన నిప్పుల్ని అప్పుడప్పుడు గాడిలోకి తోస్తూ ఉండాలి. చల్లారిన గాడిలో పచ్చికట్టె పడేస్తే పొగ తప్ప సెగ రాదు. ఐదారు నిమిషాలకోసారి బొంగును పావువంతు తిప్పుతూ ఉండాలి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఎక్కువ పొగ వస్తున్నదంటే నిప్పు సరిగా లేదని అర్థం. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీరే ఉంటుంది. మంట వేడి ఆ నీటిని ఎగరగొట్టడానికే ఖర్చవుతుంది. కట్టె సగం కాలి, చేదు పొగ చిమ్ముతుంది. మంచు వేళల్లో కింద గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండడంతో ఆ పొగ పైకి లేవక నేల మీదే పరుచుకుంటుంది. ఉబ్బసం ఉన్నవారిని, చంటిపిల్లల్ని ఆ దరిదాపుల్లో కూర్చోబెట్టరాదు. కట్టెలు ముందురోజే ఇంట్లోనో చూరు కిందో పెట్టి ఉంచుకుంటే సగం బాధ తప్పుతుంది.

ఏ కట్టె మంచిది?

ఎండిన సరుగుడు, తుమ్మ, చింత, మామిడి కట్టెలు నిలకడగా కాలి మంచి నిప్పులిస్తాయి. సముద్రపు ఒడ్డు మండలాల్లో సరుగుడుకు కొదవ లేదు. నీలగిరి ఆకు, కొమ్మ వేస్తే ఆ ఘాటు వాసన కూరకు పడుతుంది.

జీడిపిక్కల తొక్క మాత్రం మాంసం వండే నిప్పులో ఎంతమాత్రం వేయరాదు. జీడిమామిడి పండే మన మెట్ట మండలాల్లో ఆ తొక్క చవకగా దొరుకుతుంది, బాగా మండుతుంది. కాని అందులోని జీడి నూనె చర్మానికి తగిలితే పుండ్లు పడతాయి. దాని పొగ కళ్లకు, గొంతుకు మంట పెడుతుంది. అలాగే రంగు వేసిన తలుపు చెక్కలు, జిగురుతో అతికించిన ప్లైవుడ్ ముక్కలు, టైరు ముక్కలు, ప్లాస్టిక్ సంచులు నిప్పులో వేస్తే ఆ విషం కూరలోకీ, ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. తొందరగా అంటుకోవాలని కిరోసిన్, పెట్రోలు పోయడం మరీ ప్రమాదం. కొబ్బరి పీచు, ఎండు తాటాకు చాలు.

డ్రమ్ము పొయ్యి పెట్టేవారికి

ఇనుప డ్రమ్ములో అడుగున నిప్పులు, పైన జాలీ, దాని మీద మాంసం పెట్టి మూత మూసి గంటల తరబడి పొగలో మగ్గబెట్టే పద్ధతి అమెరికాలో, ఐరోపాలో బాగా వాడుకలో ఉంది. నాగాలాండ్‌లో పొయ్యి మీద దడి కట్టి పంది మాంసాన్ని రోజుల తరబడి పొగబెడతారు. చైనాలో ఏటి చివరి నెల చలిలో మాంసానికి ఉప్పు పట్టించి ఆరబెట్టి, కొన్ని సీమల్లో పొగ కూడా బెట్టి నిల్వ చేస్తారు. చలిదేశాలవారు ఈ పనికి చలికాలాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, మాంసం చెడిపోయేలోగా ఉప్పు, పొగ లోపలికి పట్టడానికి ఆ చలి వ్యవధినిస్తుంది. మన మైదానంలో రాత్రి చలి ఉన్నా మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. కనుక వారిని చూసి మనం మాంసాన్ని పచ్చిగా వేలాడదీసి సన్నపొగ పెడితే అది నిల్వ ఉండదు, కుళ్లుతుంది. మనకు తగింది వేడిపొగలో పూర్తిగా ఉడికించి ఆ పూటే తినడం.

డ్రమ్ము కొనేముందు అది ఇంతకుముందు దేనికి వాడినదో తెలుసుకోవాలి. పరవాడ, అచ్యుతాపురం వంటి పారిశ్రామిక వాడలున్న జిల్లా మనది. రసాయనాలు పోసిన పాత డ్రమ్ము ఎంత కడిగినా, ఎంత కాల్చినా వంటకు పనికిరాదు. తగరపు మెరుపులా తళతళలాడే జస్తా పూత రేకు, జాలీ కూడా వద్దు. బాగా కాలితే ఆ పూత నుంచి వచ్చే పొగ పీల్చినవారికి చలిజ్వరం వస్తుంది. పూత లేని ఇనుమే మేలు.

చలిలో డ్రమ్ముకు గాలి తగలకుండా గోడ చాటున పెట్టాలి. అయితే పూరిపాకకు, గడ్డివాముకు, పిప్పి కుప్పలకు దూరంగా ఉండాలి. మాంసం పెట్టకముందే అరగంట పైగా ఖాళీ డ్రమ్మును వేడెక్కనివ్వాలి. ఎలా ఉందోనని మాటిమాటికీ మూత తీస్తే కూడిన సెగంతా పోతుంది. చలిలో అది మళ్లీ కూడడానికి చాలాసేపు పడుతుంది. తీసి చూడడం ఎంత తగ్గిస్తే వంట అంత తొందరగా అవుతుంది.

పొగబెట్టిన మాంసం పండుగపూట రుచే గాని రోజూ తినేది కాదు. ఉప్పు పట్టించి, పొగబెట్టి నిల్వచేసే మాంసాలు పేగు క్యాన్సర్‌కు దారి తీస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో తేల్చింది. కొవ్వు నిప్పుల మీద కారి మండినప్పుడు లేచే మసిలోనూ హాని చేసే పదార్థాలుంటాయి. నిప్పుల మీదికి కొవ్వు కారకుండా కింద పళ్లెం పెట్టడం, మాడిన ముక్క తీసిపారేయడం మంచిది.

ఉడికిందని తెలిసేదెలా?

కోడి ముక్క నడిబొడ్డున 74 డిగ్రీల వేడి తగిలితేనే అందులోని సూక్ష్మక్రిములు చస్తాయి. వంటకు వాడే సూది థర్మామీటరు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతోంది. డ్రమ్ము పెట్టి నలుగురికీ అమ్మేవారు అది కొనుక్కోవడం ధర్మం. అది లేనివారు బొంగులోంచి అన్నిటికంటే పెద్ద ముక్క ఒకటి తీసి విరిచి చూడాలి. ఎముక దగ్గర ఎర్రదనం ఉన్నా, ఊట గులాబీ రంగులో ఉన్నా మళ్లీ నిప్పు మీదకు పోవలసిందే. ముక్కలన్నీ చిన్నవిగా, ఒకే సైజులో కొట్టించుకుంటే ఒకటి ఉడికి ఒకటి ఉడకని బాధ ఉండదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినప్పుడు చాలామంది కోడి తినడమే మానుకున్నారు. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదు. పూర్తిగా ఉడికించడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. చచ్చిన, జబ్బుపడిన కోడిని మాత్రం ఏ పద్ధతిలోనూ వండరాదు.

చలికాలమే గదా అని పచ్చి మాంసాన్ని కారు డిక్కీలో వేసుకుని పోవడం పొరపాటు. మధ్యాహ్నపు ఎండలో డిక్కీ పొయ్యిలా ఉంటుంది. మసాలా పట్టించిన మాంసాన్ని మంచుగడ్డల మధ్య పెట్టుకుపోవాలి. వండినది వేడివేడిగా తినేయాలి. రెండు గంటలు దాటి బయట ఉన్నదాన్ని సాయంత్రానికి దాచుకోకూడదు. పచ్చి మాంసం పట్టిన చేతులు, కత్తి, పళ్లెం కడగకుండా వండినదాన్ని తాకరాదు.

కుంపటి గదిలోకి వద్దు

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. వంటయ్యాక మిగిలిన నిప్పులు వెచ్చగా ఉంటాయని గుడారంలోకో, గదిలోకో, కారులోకో తీసుకుపోయి తలుపులు మూసుకుంటే అది చావును పక్కలో పెట్టుకోవడమే. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మంట, పొగ ఏమీ కనబడకుండా ఎర్రగా ఉన్న నిప్పుల నుంచి కూడా వస్తుంది. అది నెత్తుటిలో ప్రాణవాయువు పట్టుకునే చోటును 200 రెట్లకు పైగా బలంగా ఆక్రమిస్తుంది. ముందు తలనొప్పి, తల తిరుగుడు, వికారం, తరువాత మగత. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులు కూడా తెలియవు.

కోడి కాల్చుకున్న అలసటలో, చలికి ముడుచుకుని నిద్రపోయే కుర్రవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. ఊళ్లలో బాలింతల గదుల్లో కుంపటి పెట్టే ఇళ్లూ ఇంకా ఉన్నాయి. తలుపు ఓరగా తీసి ఉంచామని ధీమా పడరాదు. కుంపటి స్థానం బయలే. చలి కాచుకోవడం బయట, పడుకోవడం దుప్పట్లో. ఎవరైనా ఆ గదిలో మగతగా కనిపిస్తే ముందు తలుపులు బార్లా తీసి, వారిని బయటి గాలిలోకి చేర్చి, 108కు ఫోను చేయాలి.

చలికోట్లు, శాలువాల్లో చాలావరకు నైలాను, పాలిస్టరు రకాలే. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. నిప్పు దగ్గర వంగే మనిషి నూలు బట్ట కట్టుకోవాలి, శాలువా కొంగు దోపుకోవాలి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని మంచినీటి ధార పోయాలి. పేస్టు, సిరా, పసుపు పూయరాదు. లేచి వచ్చేముందు నిప్పుల మీద నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోసి, చేత్తో తాకితే చల్లగా ఉందనుకున్నాకే కదలాలి. చలికాలం ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.

వెదురు ఎవరిది?

ఒక బొంగు ఒక వంటకే పనికివస్తుంది. వ్యాపారం పెరిగినకొద్దీ వెదురు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఏడు మొలిచిన లేత గడలను నరికితే పొద దెబ్బతింటుంది. పొదలో ముదురు గడలు కొన్ని వదిలి, మధ్యస్థంగా పచ్చిగా ఉన్నవాటిని ఎంచుకోవాలి.

వెదురు విషయంలో రైతులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 2017లో భారత అటవీ చట్టానికి సవరణ చేసి, అడవి కాని భూమిలో పెరిగిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసివేశారు. మన గట్టు మీద, పెరట్లో మనం పెంచుకున్న వెదురు కొట్టుకోవడానికి ఆ చట్టం అడ్డు రాదు. అడవిలోని వెదురు సంగతి వేరు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం వెదురు చిన్నతరహా అటవీ ఫలసాయం. దాని మీద హక్కు అడవినే నమ్ముకున్న ఆదివాసులకు, ఆ గ్రామసభలకు ఉంటుంది. మైదానం నుంచి బండి వేసుకుని పోయి నరుక్కురావడం కూడదు. కావలసినవారు వారి దగ్గర డబ్బిచ్చి కొనుక్కుంటే, ఈ చలికాలపు నాలుగు నెలల్లో ఆ ఇళ్లకూ నాలుగు రాళ్లు దక్కుతాయి. మెట్ట రైతులు గట్ల మీద నాలుగు పొదలు వేసుకుంటే కొన్నేళ్లకు మన అవసరం మన ఊళ్లోనే తీరుతుంది.

చేయవలసిన పని

ఘాటీ రోడ్డు మొదట్లోను, గుడారాలు అద్దెకిచ్చే చోట్లలోను కుంపటి ప్రమాదం గురించి తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టించాలి. గుడారాలిచ్చేవారే రాత్రి ఒకసారి తిరిగి నిప్పులు బయట ఉన్నాయో లేదో చూడాలి. రోడ్డు పక్క బొంగుకోడి అమ్ముకునే చిన్నవారికి శుభ్రమైన నీరు, చెత్త తొట్టి, ఉడికించడంలో నాలుగు మెళకువలు అందిస్తే వారి బేరమూ నిలుస్తుంది, తిన్నవారి ఆరోగ్యమూ నిలుస్తుంది. అధికారులు ఈ సంక్రాంతి రద్దీకి ముందే ఈ పని చేపట్టడం అవసరం. కనుమనాడు కళ్లంలో బొంగు కాల్చుకోబోయే ఇళ్లవారు మాత్రం ఎవరి కోసమూ ఆగనక్కరలేదు. ఎండు కట్టెలు ఈ వారమే చూరు కింద సర్దుకోండి.